దాస్ రేసిస్ట్: క్వీన్స్‌లో మొదలైన ముగ్గురి కథ

దాస్ రేసిస్ట్ న్యూయార్క్ నగరంలో 2008లో మొదలై, 2012 డిసెంబరులో విడిపోయిన ర్యాప్ బృందం. సభ్యులు ముగ్గురు. ఒకరు క్వీన్స్‌లో పెరిగిన పంజాబీ కుర్రాడు హిమాంశు సూరి. రెండో వ్యక్తి కాలిఫోర్నియా నుంచి వచ్చిన విక్టర్ వాజ్‌క్వెజ్. అతనిది ఆఫ్రో-క్యూబన్, ఇటాలియన్ మూలాలున్న కుటుంబం. మూడో వ్యక్తి అశోక్ కొండబోలు, ఆంధ్ర నుంచి వలస వెళ్ళిన తెలుగువాళ్ళ అబ్బాయి. వేదిక మీద సూరి పేరు హీమ్స్, వాజ్‌క్వెజ్ పేరు కూల్ ఏ.డి., కొండబోలు పేరు డాప్‌వెల్. నాలుగేళ్ళలో వీళ్ళు రెండు ఉచిత మిక్స్‌టేపులు, ఒక ఆల్బం విడుదల చేశారు. లెక్కకు ఇంతే. కానీ దక్షిణాసియా మూలాలున్న అమెరికన్ యువకులు తమ గురించి తామే, తమ వీధి భాషలో, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోకుండా మాట్లాడిన తొలి జనాదరణ పొందిన సంగీతాల్లో వీళ్ళది ఒకటి. బయటి దేశాల తెలుగు పిల్లల గురించి రాసేటప్పుడు మన పత్రికలు వైద్యుల్ని, ఇంజనీర్లను, స్పెల్లింగ్ పోటీ విజేతల్ని తలుచుకున్నంతగా ఇలాంటి వాళ్ళను తలుచుకోవు. తలుచుకోవలసిన వాళ్ళే.

వీళ్ళ సంగీతాన్ని విమర్శకులు ఆల్టర్నేటివ్ హిప్‌హాప్ అన్నారు. 1980లలో అమెరికా కాలేజీ రేడియోల్లో, చిన్న కంపెనీల రికార్డుల మీద పెద్ద వ్యాపార ధోరణికి పక్కగా పెరిగిన రాక్‌కు ఆల్టర్నేటివ్ రాక్ అనే పేరు స్థిరపడింది. ర్యాప్‌లోనూ అదే కాలంలో అలాంటి పక్కదారి ఒకటి తయారైంది. లాంగ్ ఐలండ్ నుంచి వచ్చిన డి లా సోల్ అనే ముగ్గురి బృందం 1989లో తొలి ఆల్బంతో ఆ దారిని అందరికీ చూపించింది. దాస్ రేసిస్ట్ దగ్గరికొచ్చేసరికి రాక్, ర్యాప్ శ్రోతల మధ్య గోడ చాలావరకు కూలిపోయింది. బ్రూక్లిన్‌లో వీళ్ళు పాడిన చాలా క్లబ్బులు రాక్ బ్యాండ్లు వాయించే చోట్లే. వచ్చిన వాళ్ళలోనూ గిటార్ సంగీతం వినే కాలేజీ పిల్లలే ఎక్కువ.

ఈ కథ మొదలయ్యే చోటు క్వీన్స్. న్యూయార్క్‌లోని ఐదు బరోలలో వైశాల్యంలో ఇదే పెద్దది. 2000 నాటి జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి 22 లక్షల మందిలో నూటికి 46 మంది వేరే దేశంలో పుట్టినవాళ్ళు. 1965లో అమెరికా తన వలస చట్టాన్ని మార్చి, దేశాలవారీ పాత కోటాలు తీసేశాక భారతదేశం నుంచి చదువుకున్నవాళ్ళు వెళ్ళడం మొదలైంది. తొలి విడతల్లో తెలుగువాళ్ళు గణనీయంగా ఉన్నారు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం, అంటే తానా, 1977లో న్యూయార్క్‌లోనే తొలి సభ జరుపుకుంది. క్వీన్స్‌లోని ఫ్లషింగ్‌లో గణపతి ఆలయానికి కుంభాభిషేకం జరిగిందీ ఆ ఏడాదే. ఆ గుడి కింద క్యాంటీన్‌లో దొరికే దోసె కోసం ఇప్పటికీ నగరం నలుమూలల నుంచీ జనం వస్తారు.

అయితే ఈ వలసలో అందరూ ఒకే మెట్టు మీద దిగలేదు. 1980ల తర్వాత వచ్చిన వాళ్ళలో టాక్సీ నడిపేవాళ్ళు, కిరాణా కొట్లలో, పెట్రోలు బంకుల్లో పనిచేసేవాళ్ళు చాలామంది. క్వీన్స్‌లో వీళ్ళందరూ పక్కపక్క ఇళ్ళలో ఉండేవారు. జాక్సన్ హైట్స్‌లో చీరల దుకాణం పక్కన కొలంబియా వాళ్ళ బేకరీ, దాని పక్కన బంగ్లాదేశ్ వాళ్ళ స్వీట్ల కొట్టు. పైన ఇనుప వంతెన మీద ఏడో నంబరు రైలు. ఫ్లషింగ్ నుంచి మన్‌హాటన్ దాకా ఇన్ని దేశాలవాళ్ళ పేటల మీదుగా వెళ్తుంది కాబట్టి దానికి ఇంటర్నేషనల్ ఎక్స్‌ప్రెస్ అనే ముద్దుపేరుంది.

కొండబోలు సోదరులు ఈ క్వీన్స్‌లో పెరిగారు. అన్న హరి 1982లో పుట్టాడు. తర్వాతి కాలంలో స్టాండప్ హాస్యకారుడిగా దేశమంతటా పేరు తెచ్చుకున్నాడు. తమ్ముడు అశోక్. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, వీధిలో స్పానిష్, పంజాబీ, కొరియన్. జార్ఖండ్‌లో టాటా ఉక్కు కర్మాగారం చుట్టూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ పరిస్థితి విడమరిచి చెప్పనక్కర్లేదు. టాటానగర్ స్టేషన్ దగ్గరి పర్సుడీహ్‌లో పెరిగిన తెలుగు పిల్లవాడు ఇంట్లో ఒక భాష, బడిలో ఒకటి, సందు చివర ఇంకొకటి మాట్లాడుతూనే పెద్దవాడవుతాడు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం పెద్దవాళ్ళ తెలుగును నిలబెడుతుంది. పిల్లల నాలుక మాత్రం వీధి నేర్పినట్టు తిరుగుతుంది. ఆ వీధి నాలుకే క్వీన్స్ పిల్లల చేతిలో ర్యాప్ అయింది.

ఆ వీధికి ర్యాప్ కొత్తదేమీ కాదు. హిప్‌హాప్ పుట్టుకకు అందరూ చెప్పుకునే తేదీ 1973 ఆగస్టు 11. బ్రాంక్స్‌లోని 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ భవనంలో జమైకా నుంచి వచ్చిన కుర్రాడు డీజే కూల్ హెర్క్ తన చెల్లెలి పార్టీకి రికార్డులు వేసిన రోజది. పదేళ్ళు తిరిగేసరికి క్వీన్స్‌లోని హాలిస్ పేట నుంచి రన్-డీఎంసీ వచ్చింది. ఆ తర్వాత సెయింట్ ఆల్బన్స్ నుంచి ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్. అశోక్, హిమాంశు లాంటి పిల్లలకు ఈ పాటలు దూరదేశపు ఫ్యాషన్ కావు, పక్క పేట వాళ్ళ పాటలు.

సూరి, కొండబోలు కలుసుకున్నది స్టైవసెంట్ హైస్కూల్లో. 1904లో స్థాపించిన ఈ ప్రభుత్వ పాఠశాలలో సీటు రావాలంటే నగరమంతటికీ కలిపి పెట్టే ఒకే ఒక పరీక్షలో మార్కులు రావాలి. సిఫార్సులుండవు, ఫీజు ఉండదు. వలస కుటుంబాలు ఈ పరీక్షను మన దగ్గర ఐఐటీ ప్రవేశ పరీక్షను పట్టుకున్నంత గట్టిగా పట్టుకుంటాయి. క్వీన్స్ చివరి నుంచి గంటకు పైగా రైళ్ళు మారుతూ మన్‌హాటన్ దక్షిణపు కొసకు వెళ్ళి చదువుకునే పిల్లలు చాలామంది ఉంటారు. 1992 నుంచి ఆ బడి ఛాంబర్స్ స్ట్రీట్‌లో, హడ్సన్ నది ఒడ్డున కొత్త భవనంలో నడుస్తోంది. వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కు అది కొద్ది వీధుల దూరం.

2001 సెప్టెంబరు 11 ఉదయం పిల్లలు తరగతుల్లో ఉండగానే విమానాలు ఆ జంట భవనాలను ఢీకొన్నాయి. సూరి అప్పుడు విద్యార్థి సంఘానికి ఉపాధ్యక్షుడు. పిల్లలందరినీ బడి ఖాళీ చేయించి ఉత్తరం వైపు నడిపించారు. భవనాన్ని సహాయ సిబ్బంది స్థావరంగా వాడుకున్నారు. విద్యార్థులు కొన్ని వారాల పాటు బ్రూక్లిన్ టెక్నికల్ హైస్కూల్లో చదివి అక్టోబరు 9న తిరిగి వచ్చారు. వచ్చేసరికి వాళ్ళ చుట్టూ ఉన్న నగరం మారిపోయింది. సెప్టెంబరు 15న ఆరిజోనాలో బల్‌బీర్ సింగ్ సోధీ అనే సిక్కు పెట్రోలు బంకు యజమానిని, తలపాగా చూసి శత్రువనుకున్న ఒకడు కాల్చి చంపాడు. క్వీన్స్‌లో గోధుమరంగు చర్మమున్న ప్రతి ఇంటికీ ఆ భయం చేరింది. దుకాణాల అద్దాల్లో అమెరికా జెండాలు వెలిశాయి. దేశభక్తి పొంగి పెట్టినవి కొన్నైతే, రాళ్ళు పడకుండా పెట్టినవి మరికొన్ని.

దాస్ రేసిస్ట్ పాటల్లో కనిపించే నవ్వును అర్థం చేసుకోవాలంటే ఈ సంగతి గుర్తుండాలి. పదహారేళ్ళ వయసులో రాత్రికి రాత్రి అనుమానితుల జాబితాలోకి జారిపోయిన పిల్లలు వీళ్ళు. ఆ అనుభవాన్ని సూరి నేరుగా పాటగా చేయడానికి 2015 దాకా పట్టింది. బృందం ఉన్న రోజుల్లో అది ఎక్కువగా హాస్యం అడుగున దాగి వచ్చేది.

హైస్కూలు తర్వాత సూరి కనెటికట్ రాష్ట్రంలోని మిడిల్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఈ పేరు కర్ణాటక సంగీతం తెలిసిన తెలుగు పాఠకులకు కొత్త కాదు. 1960ల నుంచి అక్కడ మన సంగీతాన్ని పాఠ్యాంశంగా చెబుతున్నారు. మృదంగ విద్వాంసుడు టి. రంగనాథన్, ఆయన తమ్ముడు, వేణు విద్వాంసుడు టి. విశ్వనాథన్ ఏళ్ళ తరబడి అక్కడ బోధించారు. భాగవతార్ అని మనవాళ్ళు గౌరవంగా పిలుచుకున్న జాన్ హిగ్గిన్స్ అక్కడి విద్యార్థే. త్యాగరాజ కీర్తనల తెలుగు మాటలను అమెరికన్ నోళ్ళు సాధన చేసిన ప్రాంగణమది. ప్రపంచ సంగీతాలన్నిటినీ ఒకే కప్పు కిందికి తెచ్చిన ఆ వాతావరణం రాక్, పాప్ వైపూ పనిచేసింది. ఎంజీఎంటీ అనే ఇద్దరి బృందం 2002లో అక్కడి హాస్టల్ గదుల్లోనే మొదలై, 2007లో వచ్చిన తొలి ఆల్బంతో ప్రపంచానికి తెలిసింది.

వెస్లియన్‌లో సామాజిక న్యాయం మీద ఆసక్తి ఉన్న నల్లజాతి, ఆసియా, లాటినో విద్యార్థుల కోసం ప్రత్యేకంగా ఒక హాస్టల్ విభాగం ఉండేది. సూరి ఆ విభాగానికి విద్యార్థి పర్యవేక్షకుడు. వాజ్‌క్వెజ్ అక్కడ ఉండటానికి వచ్చిన విద్యార్థి. ఇద్దరి స్నేహం అక్కడ మొదలైంది. వాజ్‌క్వెజ్ బాయ్ క్రైసిస్ అనే ఎలక్ట్రానిక్ పాప్ బృందంలోనూ పాడేవాడు. చదువయ్యాక సూరి న్యూయార్క్ తిరిగొచ్చి వాల్ స్ట్రీట్ కంపెనీలకు ఉద్యోగులను వెతికిపెట్టే పనిలో చేరాడు. వాజ్‌క్వెజ్ బ్రూక్లిన్ చేరాడు. పాత స్నేహితుడు కొండబోలు ఎలాగూ క్వీన్స్‌లోనే ఉన్నాడు. కాలేజీ స్నేహం, హైస్కూలు స్నేహం ఒక చోట కలిసి 2008లో బృందమైంది. మిగతా ఇద్దరికీ ఉమ్మడిగా తెలిసినవాడు సూరి. బృందం ఆకారాన్ని నిర్ణయించింది ఈ చిన్న విషయమే.

పేరు సంగతి. అది వర్ణవివక్ష అని చెప్పే ఇంగ్లీషు మాటను వీధి ఉచ్చారణలో పలికితే వచ్చే శబ్దమే దాస్ రేసిస్ట్. చూడటానికి జర్మన్ మాటలా ఉంటుంది. వండర్ షోజెన్ అనే టీవీ కార్యక్రమంలో ఒక పిల్లవాడు అరిచే మాట అప్పటి యువకుల్లో ఊతపదంగా తిరిగేది. పేరు అక్కడి నుంచి వచ్చింది.

వీళ్ళను బయటి ప్రపంచానికి పరిచయం చేసిన పాట 2008లో వచ్చిన కాంబినేషన్ పిజ్జా హట్ అండ్ టాకో బెల్. దానికి బీట్ చేసింది వెస్లియన్‌లోనే నృత్యం చదువుకుంటున్న లీఫ్ అనే కుర్రాడు. తర్వాత అతనూ ర్యాపర్‌గా పేరు తెచ్చుకున్నాడు. పాటలో కథ చాలా చిన్నది. ఇద్దరు స్నేహితులు ఫోన్లో మాట్లాడుకుంటుంటారు. పిజ్జా హట్, టాకో బెల్ రెండూ కలిపి ఒకే గదిలో నడిపే హోటల్లో కలుద్దామనుకున్నారు. ఇద్దరూ వచ్చారు. ఒకరికొకరు కనిపించరు. నువ్వెక్కడున్నావంటే నువ్వెక్కడున్నావని అడుగుతూ అదే మాట పదేపదే తిప్పుతారు. అంతే పాట. విక్టర్, హిమాంశు ఇద్దరి గొంతులూ నిద్రమత్తులో ఉన్నట్టు సాగుతాయి.

ఈ పాట వైరల్ అయింది. చాలామంది నవ్వి వదిలేశారు, కొందరు చిరాకుపడ్డారు, కొందరు మాత్రం ఇందులో ఇంకేదో ఉందన్నారు. రెండు హోటల్ బ్రాండ్లూ యమ్ బ్రాండ్స్ అనే ఒకే కంపెనీవి. ఏ పేటకు వెళ్ళినా అదే బోర్డు, అదే ప్లాస్టిక్ కుర్చీ, అదే మెనూ. కాబట్టి ఇద్దరు మనుషులు ఒకే పేరున్న వేర్వేరు చోట్ల నిలబడి ఒకరినొకరు వెతుక్కోవడం నిజంగా జరిగే పనే. వలస వచ్చినవాళ్ళ క్వీన్స్‌ను మింగుతున్న ఒకే మూస అమెరికా ఆ పాటలో ఉంది. ఆ మాట పాటలో ఎక్కడా అనలేదు కాబట్టే పాట నిలబడింది.

కానీ తొలి పాటతో వచ్చిన పేరు బృందానికి మెడలో గంటై కూర్చుంది. జోక్ ర్యాప్ అన్నారు. అంటే, కళ పేరుతో వేళాకోళం. తర్వాతి రెండేళ్ళూ వాళ్ళు చేసిన పనిలో సగం ఈ ముద్రను చెరిపే ప్రయత్నమే. నవ్వు మానేయలేదు. నవ్వుతూనే తమకు ర్యాప్ కూడా వచ్చని చూపించారు.

ఇక్కడ అశోక్ కొండబోలు పాత్ర గురించి వివరంగా చెప్పాలి. అతను ప్రధానంగా ర్యాపర్ కాదు. వేదిక మీద అతని పని హైప్ మ్యాన్. హిప్‌హాప్ కచేరీలో ప్రధాన గాయకుడు ఊపిరి తీసుకునే చోట మాట అందించేవాడు, చరణం చివరి పదాన్ని రెట్టించి అరిచేవాడు, జనాన్ని కదిలించేవాడు, పాటకూ పాటకూ మధ్య ఖాళీని మాటలతో నింపేవాడు హైప్ మ్యాన్. పబ్లిక్ ఎనిమీ బృందంలో మెడలో పెద్ద గడియారం వేసుకుని తిరిగిన ఫ్లేవర్ ఫ్లావ్ ఈ పాత్రకు ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ. కొత్తవాళ్ళకు హైప్ మ్యాన్ ఏమీ చేయనట్టే కనిపిస్తాడు. అతను లేకుండా కచేరీ చేసి చూస్తే గానీ లోటు తెలియదు.

తెలుగువాళ్ళకు ఈ పాత్ర చిరపరిచితం. బుర్రకథ దళంలో ఉండేదీ ముగ్గురే. మధ్యలో తంబురాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు, మరొక వంత రాజకీయం చెబుతాడు. కథ అల్లూరిదైనా పలనాటిదైనా వంతలు దాన్ని ఆ రోజు పొద్దున పేపర్లో వచ్చిన వార్తకు ముడిపెడతారు. షేక్ నాజర్ ఆ కళను శిఖరానికి చేర్చిన రోజుల్లో మద్రాసు ప్రభుత్వం, నిజాం ప్రభుత్వం బుర్రకథను నిషేధించాయంటే, భయం పుట్టించినవాళ్ళలో ఆ నవ్వించే వంతా ఉన్నాడు. కొండబోలుకు బుర్రకథతో పరిచయం ఉందనుకోనక్కర్లేదు. ముగ్గురు నిలబడి, ఇద్దరు కథ చెబుతుంటే ఒకరు అడ్డం పడుతూ నవ్విస్తూ గుచ్చే పద్ధతి మనిషి జాతికి ఎక్కడైనా తడుతుంది. అయినా దాస్ రేసిస్ట్ కచేరీ వీడియోలు చూసే తెలుగు ప్రేక్షకుడికి ఈ పోలిక తట్టకుండా ఉండదు. హాస్యం వంత, రాజకీయ వంత రెండూ ఒక్కడే అయినట్టుంటాడు అశోక్.

2010 ఆ బృందానికి పంట పండిన సంవత్సరం. మార్చిలో షటప్, డ్యూడ్ అనే మిక్స్‌టేపును ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. మిక్స్‌టేపు అంటే మొదట్లో వీధిలో అమ్ముకునే క్యాసెట్. తర్వాత అది అమ్మకానికి కాకుండా పంచడానికి చేసే పాటల సంకలనమైంది. అమ్మరు కాబట్టి ఎవరి పాట ముక్కనైనా వాడుకుని దాని మీద తమ ర్యాప్ వేస్తారు. అనుమతుల గొడవ, లాయర్ల ఖర్చు తప్పుతాయి. చేతిలో డబ్బు లేని, నోట్లో మాటలున్న బృందానికి ఇంతకంటే అనువైన రూపం లేదు.

ఈ మిక్స్‌టేపులోని హూజ్ దట్? బ్రౌన్! అనే పాట బృందం దిశను చెప్పింది. ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ 1990లలో చేసిన సినారియో పాటలోని పిలుపును తీసుకుని, దాన్ని గోధుమరంగు మనుషుల పాటగా తిప్పారు. క్వీన్స్ పేట పాత పెద్దలకు అది నమస్కారం కూడా. దాని వీడియోను పాతకాలం కంప్యూటర్ ఆటలా, ఎనిమిది బిట్ల గళ్ళ బొమ్మలతో చేశారు. ముగ్గురు బొమ్మలుగా మారి న్యూయార్క్ వీధుల్లో తిరుగుతారు. షార్టీ సెడ్ అనే ఇంకో పాటలో, ఎదురుపడ్డ అమ్మాయిలు తమను ఏయే ప్రముఖులతో పోల్చారో వరసపెట్టి చెప్పుకుపోతారు. ఒకరితో ఒకరికి పోలికే లేని పేర్లు. గోధుమరంగు మొహాలన్నీ ఇతరులకు ఒకేలా కనిపిస్తాయన్న సంగతిని ఉపన్యాసం లేకుండా, వింటుంటే నవ్వాగని జాబితాగా చెప్పడం వీళ్ళ పద్ధతి. రెయిన్‌బో ఇన్ ది డార్క్ అనే పాట పేరు మాత్రం 1983లో డియో అనే హెవీ మెటల్ బృందం చేసిన పాట పేరే. ఇలా రాక్ చరిత్ర, ర్యాప్ చరిత్ర, టీవీ ప్రకటనలు, హిందూ దేవతలు, సబ్‌వే స్టేషన్లు, కిరాణా సరుకులు అన్నీ ఒకే చరణంలో తోసుకుంటూ వస్తాయి.

అదే ఏడాది సెప్టెంబరులో రెండో మిక్స్‌టేపు సిట్ డౌన్, మ్యాన్ వచ్చింది. దీన్ని సూరి సొంత సంస్థ గ్రీడ్‌హెడ్, బ్రూక్లిన్ బట్టల కంపెనీ మిష్కా, డిప్లో నడిపే మ్యాడ్ డీసెంట్ కలిసి విడుదల చేశాయి. డిప్లో అంటే ఎం.ఐ.ఏ.తో కలిసి పేపర్ ప్లేన్స్ పాట చేసిన డీజే. శ్రీలంక తమిళ మూలాలున్న ఎం.ఐ.ఏ. 2007లో ఆ పాట ఉన్న ఆల్బంతో తెరిచిన తలుపులోంచే దాస్ రేసిస్ట్ లాంటివాళ్ళు లోపలికి రాగలిగారని చెప్పడం న్యాయం. సిట్ డౌన్, మ్యాన్‌లో ఎల్-పీ, డెస్పాట్ లాంటి న్యూయార్క్ స్వతంత్ర ర్యాపర్లు గొంతు కలిపారు. మాటల పొందిక, ప్రాసల చిక్కదనం మొదటిదానికంటే ఒక మెట్టు పైకెళ్ళాయి. జోక్ ర్యాప్ అన్నవాళ్ళు చాలామంది ఇక్కడ మాట మార్చుకున్నారు. ఈ రెండింటిలో ఒకటే వినగలిగే వ్యవధి ఉన్నవాళ్ళు రెండోదే వినాలి.

సూరి వాజ్‌క్వెజ్‌ల ర్యాప్ పద్ధతుల మధ్య తేడా ఉంది. సూరి గొంతు పెద్దది, మాట బరువుగా పడుతుంది, చెప్పేది ఎక్కువగా కుటుంబం, పేట, డబ్బు, రంగు. వాజ్‌క్వెజ్ బద్ధకంగా పలుకుతాడు, పదం నుంచి పదానికి శబ్దం పట్టుకుని దూకుతాడు, అర్థం వెనక నుంచి వచ్చి చేరుతుంది. ఒకరు నేల మీద, ఒకరు గాల్లో. ఈ రెంటి మధ్యా కొండబోలు అరుపులు, వ్యాఖ్యలు. వేదిక మీద వాళ్ళు క్రమశిక్షణకు పేరు పొందలేదు. పాట మధ్యలో ఆగిపోయేవారు, చరణాలు మరిచిపోయేవారు, ప్రేక్షకులతో వాదన పెట్టుకునేవారు. కొన్ని రాత్రులు అది అద్భుతంగా పేలేది. కొన్ని రాత్రులు డబ్బిచ్చి వచ్చినవాళ్ళు నిరాశగా వెళ్ళేవారు. ఇది కూడా చరిత్రలో భాగమే.

2008లోనే సూరి పెట్టిన గ్రీడ్‌హెడ్ గురించి కొంత చెప్పాలి. పెద్ద కంపెనీ తలుపు కొట్టి నిరీక్షించే బదులు తన పేరుతో చిన్న సంస్థ పెట్టుకుని, దాని మీద మిత్రుల పాటలూ విడుదల చేశాడు. లీఫ్, లకూటిస్, క్వీన్స్‌కు చెందిన బంగ్లాదేశీ అమెరికన్ ర్యాపర్ బిగ్ బేబీ గాంధీ ఆ నీడలో వచ్చినవాళ్ళే. వాల్ స్ట్రీట్ దగ్గర చేసిన ఉద్యోగం ఇక్కడ అక్కరకొచ్చిందనుకోవచ్చు. తెలుగులోనూ, హిందీలోనూ సినిమా సంగీతానికి బయట ఒక పాట బతకడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళకు ఇలాంటి చిన్న సంస్థ విలువ తెలుస్తుంది.

2011 సెప్టెంబరులో గ్రీడ్‌హెడ్ మీదే రిలాక్స్ ఆల్బం వచ్చింది. డబ్బుపెట్టి కొనవలసిన తొలి దాస్ రేసిస్ట్ రికార్డు ఇది. కొనాలి కాబట్టి అరువు పాట ముక్కలు తగ్గించి, సొంత సంగీతం చేయించుకోవలసి వచ్చింది. చెయిర్‌లిఫ్ట్ బృందపు ప్యాట్రిక్ వింబర్లీ, వాంపైర్ వీకెండ్ బృందపు రోస్తమ్ బట్‌మంగ్లిజ్, యేసేయర్ బృందపు ఆనంద్ వైల్డర్ లాంటి ఇండీ రాక్ మనుషులు ఇందులో చేయివేశారు. పంజాబీ సాంగ్ అనే పాటలో భాంగ్రా గాయకుడు బిక్రమ్ సింగ్ పాడాడు. మైఖేల్ జాక్సన్ అనే పాట ఎక్కువమందికి చేరింది. ఆ ఏడాదే స్పిన్ పత్రిక వీళ్ళను ముఖచిత్రంగా వేసింది. మిక్స్‌టేపుల్లోని చిందరవందర ఆనందం ఇందులో తగ్గిందన్న విమర్శ వచ్చింది. ఆ విమర్శలో నిజముంది. పాట ముక్క మీద పాట ముక్క పేర్చి మాట్లాడటంలో ఆరితేరిన వాళ్ళకు శుభ్రమైన స్టూడియో బీట్ కొంచెం బిగుతుగానే పట్టింది. అయినా సూరి చరణాలు ఇందులో ముదిరాయి. తల్లిదండ్రుల శ్రమ, ఇంట్లో మాట్లాడని విషయాలు, వచ్చిన కొద్దిపాటి పేరు తెచ్చిన ఇబ్బంది నవ్వు వెనక నుంచి ముందుకొచ్చాయి.

న్యూయార్క్‌లో ముగ్గురి బృందాలకు పెద్ద వంశవృక్షమే ఉంది. రన్-డీఎంసీలో ఇద్దరు ర్యాపర్లు, ఒక డీజే. 1986లో రాక్ బృందం ఏరోస్మిత్‌తో కలిసి వాక్ దిస్ వే చేసి ర్యాప్‌ను రాక్ శ్రోతల ఇళ్ళల్లోకి పంపింది వీళ్ళే. అదే ఏడాది చివర్లో వచ్చిన బీస్టీ బాయ్స్ ఆల్బం, 1987లో బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరిన తొలి ర్యాప్ ఆల్బం అయింది. పంక్ రాక్ బృందంగా మొదలై ర్యాప్‌కు మారిన ముగ్గురు యూదు కుర్రాళ్ళు వాళ్ళు. వాళ్ళనూ మొదట్లో వేళాకోళగాళ్ళన్నారు. తర్వాతి ఆల్బంలతో గౌరవం సంపాదించుకున్నారు. దాస్ రేసిస్ట్‌ను చాలామంది బీస్టీ బాయ్స్‌తో పోల్చడానికి కారణం ఇదే. తేడా ఒకటుంది. బీస్టీ బాయ్స్‌కు ముద్ర చెరుపుకోవడానికి పాతికేళ్ళు దొరికాయి. వీళ్ళకు నాలుగే.

ముగ్గురి బృందంలో ఇద్దరి మధ్య దూరం పెరిగితే మూడోవాడికి నిలబడే చోటుండదు. 2012లో ఆ దూరం బయటపడింది. జనవరిలో సూరి నెహ్రూ జాకెట్స్ అనే సొంత మిక్స్‌టేపు ఇచ్చాడు. క్వీన్స్‌లో వలసదారుల కోసం పనిచేసే సేవా అనే సంస్థతో కలిసి దాన్ని తెచ్చాడు. వాజ్‌క్వెజ్ అదే ఏడాది 51 పేరుతో తన మిక్స్‌టేపు తెచ్చాడు. మరోవైపు సోనీ పంపిణీ చేసే మెగాఫోర్స్ కంపెనీతో రెండో ఆల్బంకు ఒప్పందం కుదిరింది. పెద్ద కంపెనీ దారి తెరుచుకున్న సమయంలోనే బృందం ఆగిపోయింది. డిసెంబరు మొదట్లో జర్మనీలోని మ్యూనిక్‌లో ఒక కచేరీ వేదిక మీద సూరి, దాస్ రేసిస్ట్ ఇక లేదని ప్రకటించాడు. వాజ్‌క్వెజ్ అప్పటికే తప్పుకున్నాడని బయటికొచ్చింది. రెండో ఆల్బం రాలేదు.

సూరి తర్వాత 2015లో ఈట్ ప్రే థగ్ అనే ఆల్బంలో సెప్టెంబరు 11 తర్వాతి క్వీన్స్‌ను ముసుగు లేకుండా చెప్పాడు. 2016లో బ్రిటిష్ పాకిస్తానీ నటుడు రిజ్ అహ్మద్‌తో కలిసి స్వెట్ షాప్ బాయ్స్ పేరుతో కాష్మీర్ ఆల్బం చేశాడు. దాస్ రేసిస్ట్ నవ్వుతూ వేసిన విత్తనం అక్కడ కోపంగా మొలిచింది.

హరి కొండబోలు 2014లో తెచ్చిన హాస్య ఆల్బం వెయిటింగ్ ఫర్ 2042ను విడుదల చేసింది కిల్ రాక్ స్టార్స్. 1990లలో స్లీటర్-కినీ అనే ముగ్గురు స్త్రీల ఆల్టర్నేటివ్ రాక్ బృందం రికార్డులు వేసిన కంపెనీ అది. మూడేళ్ళ తర్వాత, సింప్సన్స్ కార్టూన్‌లోని భారతీయ దుకాణదారు అపూ పాత్ర మీద అతను తీసిన డాక్యుమెంటరీ అమెరికాలో పెద్ద చర్చ లేపింది. అన్నదమ్ములిద్దరూ కలిసి ది అన్‌టైటిల్డ్ కొండబోలు బ్రదర్స్ పాడ్‌కాస్ట్ కూడా నడిపారు. వాదించుకుంటూ, ఒకరి మాటకు ఒకరు అడ్డం పడుతూ సాగే కార్యక్రమమది.

అశోక్ కొండబోలు బృందం విడిపోయాక ర్యాపర్ అవతారం ఎత్తలేదు. లకూటిస్, డెస్పాట్‌లతో కలిసి ఈస్ట్ విలేజ్ రేడియోలో చిల్లిన్ ఐలండ్ అనే కబుర్ల కార్యక్రమం నడిపాడు. మళ్ళీ ముగ్గురే. ర్యాపర్లను నగరం బయటికి, అడవులకూ చెరువులకూ తీసుకెళ్ళి పిచ్చాపాటీ మాట్లాడే టీవీ కార్యక్రమంగా దాన్ని మార్చి, దర్శకుడు జోష్ సఫ్దీ నిర్మాణ సహకారంతో 2021 డిసెంబరులో హెచ్‌బీవోలో ప్రసారం చేశారు.